బతుకమ్మ ఎత్తకముందే పిల్లలకు పండ్ల పలారం

ప్రశ్న: అక్కా, మాది హాలియా దగ్గర ఒక ఊరు. ఈ దసరా సెలవులకు మా ఇద్దరు ఆడబిడ్డలు పిల్లలతో వస్తున్నారు. మా వాడకట్టు పిల్లలు కూడా కలిస్తే ఇరవై మంది దాకా అవుతారు. మూడేండ్ల పిల్ల నుంచి పదో తరగతి పిల్లగాడి దాకా ఉన్నారు. సద్దుల బతుకమ్మ రోజు రాత్రి చెరువు దగ్గరి నుంచి వచ్చినంక వాళ్లకు చిన్న పార్టీలాగా పెట్టాలని ఉంది. నూనె పలారాలు ఎలాగూ ఉంటాయి, అందుకే పండ్లతో ఏదైనా చేద్దామనుకుంటున్నాను. మా బిడ్డ ఫోన్‌లో వీడియోలు చూపిస్తోంది. అన్నీ స్ట్రాబెర్రీలు, కివీలు, పుల్లలకు గుచ్చిన మార్ష్‌మాలోలు. మా దగ్గర ఓవెన్ లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మాకు బత్తాయి తోట ఉంది కానీ పిల్లలు బత్తాయి అంటే మొహం తిప్పుకుంటారు. చిన్న ఆడబిడ్డ కొడుక్కు పల్లీలు పడవు, ఒకసారి మొహమంతా ఉబ్బితే దవాఖానకు తీసుకుపోయారట. మా అత్తమ్మకు షుగర్. టెన్షన్ లేకుండా అయ్యేవి చెప్పండి.

జవాబు: చెల్లె, పండ్ల సంగతి తర్వాత. ముందు ఆ టైమ్ మార్చు.

సద్దుల నాడు నీ ఇల్లు ఎట్లుంటుందో నాకు తెలుసు, మా ఇల్లూ అట్లనే ఉంటుంది. పొద్దున్నుంచి తంగేడు, గునుగు ముందర పోసుకుని కూర్చోవాలి. మరోపక్క పొయ్యి మీద సద్దులు: పెరుగుది, చింతపండు పులిహోర, నిమ్మకాయది, కొబ్బరిది, నువ్వులది. మధ్యలో పిల్లలు "ఏమన్నా పెట్టు" అని కొంగు పట్టుకుని తిరుగుతుంటారు. సాయంత్రం ఐదింటికి వాళ్ల ఆకలి, మన తొందర రెండూ ఒక్కసారే నెత్తికెక్కుతాయి. రాత్రి చెరువు దగ్గరి నుంచి వచ్చేసరికి సగం మంది చంకలో నిద్రపోతుంటారు. మిగతా సగం సద్ది తిని కడుపు నింపుకుని ఉంటారు. అప్పుడు నువ్వు పండ్లు ముందర పెడితే ఎవరు తింటారు? పైగా ఆరింటికి కోసి పెట్టిపోయిన పండు తొమ్మిదింటికి నీరు కారి, నల్లబడి, మెత్తబడి ఉంటుంది. కోసిన పండును మన వాతావరణంలో రెండు గంటలకు మించి బయట ఉంచకపోవడమే మంచిది.

కాబట్టి నీ పార్టీ ఐదింటికి. బతుకమ్మ పేర్చడం అయిపోయి, మీరంతా కొత్త చీరలు కట్టుకునే ఆ గంటలో పిల్లలను వాకిట్లో కూర్చోబెట్టు. పూజకు ముందే తినడమేంటని పెద్దవాళ్లు ఎవరన్నా అంటే, పిల్లలకు ఒక్కపొద్దులు ఉండవని చెప్పు.

పలారం అనే మాట ఫలహారంలోంచి వచ్చిందే కదా, అంటే పండ్లు తినడమనే. మనమే ఎప్పుడో అందులోంచి పండును తీసేసి మురుకులు, గారెలు పెట్టేశాం. నువ్వు మళ్లీ పండును దానిలో పెడతానంటున్నావు. దాన్ని కొత్త ఫ్యాషన్ అనుకుని మొహమాటపడాల్సిన పనిలేదు.

ఇక మీ బిడ్డ వీడియోల సంగతి. మన దేశంలో దొరికే స్ట్రాబెర్రీ ఎక్కువగా మహాబలేశ్వరం వైపు నుంచి వస్తుంది, అది చలికాలం పంట. దసరాకు మంచి కాయ దొరకదు. దొరికినా డబ్బా ధర చూసి గుండె ఆగుతుంది. మార్ష్‌మాలో అసలు పండే కాదు, చక్కెర, జెలటిన్ కలిపి ఊదిన మిఠాయి. జెలటిన్‌ను పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. బతుకమ్మ నాడు మీ అత్తమ్మకు ఆ సంగతి తెలిస్తే పార్టీ అక్కడే ముగుస్తుంది. ఆ పుల్లలు కూడా వద్దు. ఇరవై మంది ఉరుకులాడే చోట చేతిలో మొనదేలిన పుల్ల ఎందుకు? మీ బిడ్డకు కావాల్సింది రంగు, ఆకారం. ఆ రెండూ మన పండ్లతోనే వస్తాయి, ఎట్లాగో చెబుతాను.

ముందు బత్తాయి. తోట పెట్టుకుని పిల్లలు మొహం తిప్పుకుంటున్నారని రాశావు. వాళ్లు వద్దనేది బత్తాయిని కాదు, దాని చేదును అని నా అనుమానం. ఇది నేను బాగా దెబ్బతిని నేర్చుకున్నాను. మా చిన్నోడి పుట్టినరోజుకు మా అన్న దేవరకొండ నుంచి ఒక బస్తా బత్తాయిలు పంపాడు. సాయంత్రం పని ఉంటుందని పొద్దున్నే తొనలు ఒలిచి గింజలతో సహా మిక్సీలో తిప్పి, వడకట్టి, పెద్ద స్టీలు బకెట్ నిండా రసం చేసి పెట్టాను. చేసినప్పుడు తేనెలా ఉంది. సాయంత్రం గ్లాసుల్లో పోసి ఇస్తే మొదటి గుక్కకే ఒక పిల్ల మొహం ముడుచుకుంది. పక్కవాడు మెల్లగా మందారం చెట్టు మొదట్లో పోసేశాడు. చక్కెర కలిపాను, ఉప్పు కలిపాను, చేదు పోలేదు. "పుట్టినరోజుకు వేపరసం పోస్తున్నవా బిడ్డా" అని మా అత్తమ్మ అందరి ముందర అడిగింది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తూనే ఉంది.

తప్పు కాయది కాదు. బత్తాయిని పిండగానే రసంలో చేదు ఉండదు. రసంలోని పులుపు తగిలి, గంటలు గడిచేకొద్దీ లిమోనిన్ అనే చేదు పదార్థం తయారవుతుంది. గింజ నలిగినా, తెల్లటి లోపలి తొక్క, తొనల పొరలు నలిగినా అది ఇంకా ఎక్కువవుతుంది. అందుకే బత్తాయి రసాన్ని మిక్సీలో తిప్పొద్దు, చేతితో పిండాలి. పిండిన రెండు గంటల్లో తాగాలి. బండి మీద రసం అమ్మేవాళ్లు అడిగినప్పుడే పిండి ఇచ్చేది ఊరికే కాదు.

ఇప్పుడు ఆ రసాన్ని మీ బిడ్డ అడిగే పార్టీ వస్తువుగా మారుద్దాం. బత్తాయి తొక్కనే గిన్నె చేసి అందులో జెల్లీ పోయడం. కిరాణా షాపులో చైనా గ్రాస్ అడుగు, సేమ్యా కంటే లావుగా తెల్లటి పోగుల్లా ఉంటుంది. సముద్రపు నాచు నుంచి తీస్తారు కాబట్టి మీ అత్తమ్మకు అభ్యంతరం ఉండదు. నీకు ఇంకో లాభం, ఇది ఫ్రిజ్ లేకుండా గడ్డకడుతుంది. జెలటిన్ జెల్లీ మన వేడికి కరిగిపోతుంది, ఇది బయట ఎండలో పెట్టినా కరగదు. కరెంటు పోయినా నీకు దిగుల్లేదు.

మీడియం సైజు బత్తాయిలు పది తీసుకో. తొక్క మీద ఉప్పు రాసి, నల్లా కింద రుద్ది కడుగు. పిల్లలు ఆ తొక్కను నోటి దగ్గర పెట్టుకుంటారు కదా. తొడిమ ఒక పక్క, అడుగు ఒక పక్క వచ్చేటట్టు అడ్డంగా రెండు ముక్కలు చెయ్యి. చేతి పిండేదానితో మెల్లగా పిండు, తొక్క చిరగకూడదు. మిగిలిన పొరలను చెంచాతో గీకి తీసేస్తే ఇరవై గిన్నెలు తయారు. రసం ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటుగా వస్తుంది. తక్కువ పడితే ఇంకో రెండు కాయలు పిండు. ఇట్లా రసానికే పిండే కాయలైతే మంగువి వాడుకో. మీకు చెప్పేదేముంది, మంగు నల్లి తగిలి తొక్క గోధుమరంగుకు తిరిగితే మార్కెట్లో పక్కన పడేస్తారు గానీ లోపలి రసానికి ఏ లోటూ ఉండదు. గిన్నెలకు మాత్రం నున్నటి పచ్చ తొక్క ఉన్నవి ఏరు.

పదిహేను గ్రాముల చైనా గ్రాస్‌ను కత్తెరతో ముక్కలు చేసి అర లీటరు నీళ్లలో అరగంట నానబెట్టు. ఆ నీళ్లతోనే సన్నటి మంట మీద పెట్టి, ఒక్క పోగు కూడా కనిపించనంతగా కరిగేదాకా కలుపుతూ మరిగించు. పది నిమిషాలు పడుతుంది, తొందరపడి దింపితే తినేటప్పుడు దారాలు తగులుతాయి. అందులో వంద గ్రాముల చక్కెర వేసి కరిగాక దింపెయ్యి. రసాన్ని పొయ్యి మీద ఉన్నప్పుడు పోయొద్దు. పులుపుతో కలిపి మరిగిస్తే చైనా గ్రాస్ పట్టు తగ్గుతుంది, వేడికి రసమూ చేదెక్కుతుంది. దింపి నాలుగైదు నిమిషాలు ఆగి రసం పోసి కలుపు. అట్లని ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రసం పోస్తే అక్కడికక్కడే ఉండలు కడుతుంది. మామూలుగా బయట ఉన్న రసమైతే సరిగ్గా కలుస్తుంది. ఒక చెంచాడు తీసి స్టీలు ప్లేటు మీద వేసి చూడు. రెండు మూడు నిమిషాల్లో వేలితో నొక్కితే తిరిగి లేచేటట్టు గట్టిపడితే సరిపోయినట్టే.

బత్తాయి గిన్నెలు బల్ల మీద నిలవవు, దొర్లిపోతాయి. ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో కూర్చోబెట్టు. ఇడ్లీ ప్లేట్లు చాలకపోతే టీ గ్లాసుల మూతి మీద నిలబెట్టు. అంచు దాకా పోసి కదపకుండా ముప్పావు గంట వదిలెయ్యి. తర్వాత పదునైన కత్తిని నీళ్లలో ముంచి ఒక్కో గిన్నెను మళ్లీ రెండుగా కోస్తే నెలవంకల్లాంటి ముక్కలు నలభై వస్తాయి. తొక్క పచ్చగా, లోపల లేత పసుపుగా, అచ్చం బత్తాయి తొన లాగానే ఉంటుంది, కొరికితే జెల్లీ. చూసినవాళ్లు పండే అనుకుంటారు. పదో తరగతి పిల్లగాడు కూడా రెండోది అడుగుతాడు. రసం పిండడం మూడింటికి మొదలుపెట్టు, అంతకన్నా ముందు వద్దు. ఎందుకో పైన చెప్పాను.

ఇక మీ బిడ్డకు కావాల్సిన ఆకారం. బయటి దేశాలవాళ్లు పండ్లతో క్రిస్మస్ చెట్టు చేసుకుంటారు, మనం బతుకమ్మ పేర్చుకుందాం. పెద్ద తాంబాలంలో అరటాకు పరిచి, పువ్వుల మాదిరిగానే వరుస మీద వరుస. అడుగున జామకాయ ముక్కలు, అది గునుగు. దాని మీద అనాసపండు, అది తంగేడు. ఆ పైన పొప్పడిపండు, అది బంతి. ఇంకా పైకి వచ్చేకొద్దీ వరుస చిన్నది చేసుకుంటూ పో. మధ్యలో బోలుగా ఉన్నచోట చిన్న అరటిపండ్లు తొక్కతోనే నింపు, అప్పుడు కూలిపోదు. చివర ఒక బత్తాయి గిన్నెలో దానిమ్మ గింజలు కుప్పగా పోసి శిఖరం మీద పెట్టు. కట్ల పువ్వు నీలానికి మాత్రం ఈ కాలంలో నాకు ఏ పండూ తట్టలేదు. నేరేడు పండ్లు వానలతోనే అయిపోతాయి.

ఒక్క మాట. పైన పసుపు గౌరమ్మను పెట్టొద్దు. ఆమె మొక్కే దేవత. ఇది పిల్లలు చేయి పెట్టి తినే పళ్లెం. చేసే ముందు మీ అత్తమ్మను ఒకసారి అడుగు. "బతుకమ్మను తింటారా" అని ఆమెకు మనసులో ఏదన్నా అనిపిస్తే పేరు మార్చి పూలపళ్లెం అను, పిల్లలకు తేడా ఏమీ ఉండదు.

ఇరవై మందికి ఒక్కొక్కరికి నూటయాభై గ్రాముల కోసిన పండు చాలు. తొక్క, గింజలు పోను మూడు కిలోలు మిగలాలంటే నాలుగున్నర కిలోల దాకా కొనాలి. పొప్పడిపండు కిలోన్నరది ఒకటి, జామకాయలు కిలోన్నర, ఒక అనాస, నాలుగు దానిమ్మలు, డజను చక్కరకేళి ఉంటే సరిపోతుంది. జామ, అరటి కోసిన వెంటనే నల్లబడతాయి. ఒక నిమ్మకాయ పిండిన చల్లని నీళ్లలో జామ ముక్కలను నిమిషం ముంచి తీసి గుడ్డ మీద ఆరబెట్టు. నకిరేకల్ నిమ్మకాయలు మీకు దగ్గరే, కరువు లేదు. అరటిపండు ఒలిచి పెట్టకపోవడమే మేలు, వాళ్లే ఒలుచుకుంటారు. ఉప్పుకారం వేరే గిన్నెలో పెట్టు, ముందే ముక్కల మీద చల్లకు. ఉప్పు తగిలితే జామ నీరు వదిలేసి గునుగు వరుస కాస్తా చెరువైపోతుంది. ఆ ఉప్పుకారం ఇంట్లోనే చేసుకో. నాలుగు ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర వేయించి ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచితే చాలు, కొన్న చాట్ మసాలా కన్నా వాసన బాగుంటుంది.

దానిమ్మ ఒలిచే పని పిల్లలకు ఇచ్చెయ్యి. అడ్డంగా కోసి బోర్లించి, వెనక నుంచి గరిటెతో కొడితే గింజలు రాలతాయి. గిన్నెలో నీళ్లు పోసి అందులో కొట్టమను, లేకపోతే కొత్త బట్టల మీద మరకలు పడతాయి. కొత్త బట్టలు వేసుకోకముందే ఈ పని చేయించడం ఇంకా తెలివైన పని.

ఇప్పుడు సీతాఫలం. దసరా అంటే మా పాలమూరులో సీతాఫలం కాలమే. జడ్చర్ల నుంచి షాద్‌నగర్ వెళ్లే దారిలో బాలానగర్ అని ఊరు ఉంది కదా, దేశంలో సీతాఫలం తోటలు వేసేవాళ్లకు ఆ పేరు తెలుసు. ఎందుకంటే బాగా పేరున్న రకానికి బాలానగర్ అనే పేరే ఉంది, మహారాష్ట్రలో కూడా వేస్తారు. మీ వైపు గుట్టల మీది కాయలు కూడా గంపల్లో వస్తుంటాయి, అవీ బాగుంటాయి. కొనేటప్పుడు కండ్లు విచ్చిన కాయ చూడు. కణుపుల మధ్య గీతలు వెడల్పై, లేత పసుపుగా తిరిగితే అది మాగుతుంది. అన్నీ బిగుసుకుని పచ్చగా ఉన్న కాయను ఎన్ని రోజులు పెట్టినా ఎండి నల్లబడుతుందే తప్ప తియ్యబడదు. మూడు రోజుల ముందు కొని బియ్యం డబ్బాలో గానీ, గడ్డిలో గానీ మాగేసుకో. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టకు, చలికి తొక్క నల్లబడి సరిగ్గా మాగదు. కడిగేటప్పుడు పాత బ్రష్‌తో ఆ గీతల మధ్య రుద్దు. తెల్లటి పిండినల్లి, చీమలు అక్కడే దాక్కుంటాయి.

దీనితో బాసుంది చేసి చిన్న పేపరు కప్పుల్లో పొయ్యొచ్చు. రెండు లీటర్ల పాలను పొద్దున్నే లీటరుంపావుకు మరగకాచి, వంద గ్రాముల చక్కెర వేసి, పూర్తిగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు. పది పన్నెండు పండ్ల గుజ్జును తినే ముందు కలుపు. గుజ్జును మాత్రం పొయ్యి మీద పెట్టొద్దు, వేడి పాలలో కూడా వెయ్యొద్దు. సీతాఫలం వేడి తగిలితే చేదెక్కుతుంది. ఇందులో పొప్పడి, అనాస ముక్కలు కూడా వేద్దామనిపిస్తుంది, వద్దు. ఆ రెండింటిలోనూ పాల మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, కాసేపటికి పాలు చేదవుతాయి. కరెంటు పోతే గిన్నెను మంచుగడ్డల టబ్బులో పెట్టుకో.

గింజలు తీయడమే దీనిలో అసలు పని. పెద్ద కన్నాల జల్లెడలో గుజ్జు వేసి గరిటె వెనక వైపుతో తిప్పితే గింజ పైన ఉండి గుజ్జు కిందికి దిగుతుంది. గింజలున్న గుజ్జును మిక్సీలో వేయకు. సీతాఫలం గింజ లోపలి పప్పు విషం. పేలకు మందని నూరి తలకు పట్టించేవాళ్లు మన ఊర్లలో ఇంకా ఉన్నారు. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఆ వైద్యం ఎవరు చెప్పినా వినకు. గింజను మింగితే సాధారణంగా అట్లనే బయటికి పోతుంది గానీ, నమిలితే మంచిది కాదు. పైగా చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడే సైజు. మీ మూడేండ్ల పిల్లకు పండు చేతికివ్వకుండా బాసుంది కప్పే ఇవ్వు. ఆ పిల్లకు జామకాయ కూడా పలచగా కోసి ఇవ్వు, జెల్లీని తొక్కలోంచి తీసి చిన్న ముక్కలు చేసి కూర్చోబెట్టి తినిపించు. ఉరుకుతూ నోట్లో పెట్టుకుంటే ఏ పండైనా ప్రమాదమే.

నిజం చెప్పాలంటే బాసుంది అందరికీ చెప్పను. ఒక ఆడబిడ్డ వచ్చి గంటసేపు జల్లెడ ముందర కూర్చుంటానంటేనే పెట్టుకో. లేకపోతే వదిలెయ్యి. సద్దుల నాడు ఒక్క మనిషి చేసే పని కాదది. జెల్లీ, పండ్ల బతుకమ్మ ఉంటే పార్టీకి లోటేమీ ఉండదు.

ముందురోజే చేసి పెట్టుకునేది ఒకటి ఉంటే బాగుండనిపిస్తే మలీద ఉంది. మలీద నీకు నేర్పాల్సిందేమీ లేదు, మామూలు మలీదలో సగం బెల్లం తగ్గించి ఖర్జూరం వెయ్యి, అంతే. ఆరు గోధుమ రొట్టెలు గట్టిగా కాల్చి చిదిమి, రెండు వందల గ్రాముల గింజ తీసిన మెత్తటి ఖర్జూరం, గుప్పెడు ఎండుకొబ్బరి తురుము, యాభై గ్రాముల బెల్లం, మూడు చెంచాల నెయ్యి వేసి చేతితో బాగా పిసికితే ఉసిరికాయంత ముద్దలు పాతిక దాకా అవుతాయి. రోట్లో నాలుగు దెబ్బలు వేస్తే ఇంకా బాగా పట్టుకుంటుంది. మలీదలో ఖర్జూరమా అని మా ఆడబిడ్డ నవ్వింది, తర్వాత డబ్బా ఖాళీ చేసింది కూడా ఆమెనే.

పల్లీలు పడని బాబు విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ చేయకు. మొహం ఉబ్బిందంటే చిన్న దురద కాదది, రెండోసారి ఇంకా గట్టిగా రావొచ్చు. నేను చేయమన్న జెల్లీ, పండ్ల పళ్లెం, బాసుంది, మలీద వేటిలోనూ పల్లీలు లేవు, కావాలనే వదిలేశాను. కానీ మీ ఇంట్లో ఆ రోజు పల్లీల సత్తుపిండి కొడతారు. అదే మిక్సీ జారు, అదే రోలు, అదే చెయ్యి. అందుకే మలీద ముందురోజే, పల్లీలు బయటికి తీయకముందే, బాగా కడిగిన గిన్నెల్లో చేసి మూత పెట్టు. బాబుకు ఏం పెట్టాలన్నా ముందు వాళ్లమ్మను అడుగు. నువ్వులు పడతాయో లేదో, దగ్గర మందు ఉందో లేదో ఆమెకే తెలుస్తుంది. వాయనాల పలారం వాడి చేతికి ఇవ్వొద్దని మిగతా పిల్లలకు కూడా చెప్పు. పిల్లలు బాగా గుర్తుపెట్టుకుంటారు, మరిచిపోయేది మనమే.

మీ అత్తమ్మకు జెల్లీ, మలీద, బాసుంది మూడూ వద్దు. ఖర్జూరం కూడా తీపే, "చక్కెర వేయలేదు కదా" అని ఇవ్వకు. జామకాయ ముక్కలు నాలుగు, బత్తాయి అయితే రసం కాకుండా తొనలు రెండు మూడు ఇవ్వు. పీచుతో తింటే రసం తాగినంత వేగంగా షుగర్ పెరగదు. ఆమె రోజూ ఎంత పండు తినొచ్చో డాక్టరు చెప్పే ఉంటాడు, ఆ లెక్కలోనే. జామకాయ మీద ఉప్పుకారం ఆమె చేతితోనే చల్లించుకో, అందరికన్నా ముందు ఆమె కూర్చుంటుంది.

కొల్లాపూర్ మామిడి గురించి కూడా రాద్దామనుకున్నాను గానీ, అది ఎండాకాలం ఉత్తరానికి దాచుకుంటాను.

పిండిన నిమ్మ తొక్కలు పారేయకు. కాస్త ఉప్పు వేసి పెట్టుకుంటే మర్నాడు ఇత్తడి తాంబాలం తోమడానికి పనికొస్తాయి, పొప్పడిపండు జిడ్డు కూడా పోతుంది.